వాసన లేని నవలలు

మళ్ళీ మొదలుపెట్టాడు మహానుభావుడు. పక్క భవనంలో గోడకు మిషనుతో చిల్లులు పొడిచే ఆ మనిషి ఎవడో గానీ ఆమె మీద పగబట్టినట్టున్నాడు, రికార్డింగు ఎర్రదీపం వెలిగి మైకు ముందు ఆమె నోరు తెరిచేసరికి గుర్రుమంటాడు, ఆమె నోరు మూసుకుంటే తనూ బుద్ధిగా ఊరుకుంటాడు. అద్దానికి అవతల రికార్డింగు ఇంజనీరు రెండు చేతులూ ఎత్తి ఆగమని సైగ చేశాడు. పుస్తకాలు పైకి చదివేవాళ్ళ కడుపులో పేగు కదిలినా వినిపిస్తుందని ఆయనకు స్టూడియోలో చెవులాయన అని పేరు. ఆయన పక్కన తిరుగుడు కుర్చీలో, కాలు మీద కాలేసుకుని, చెల్లెలు. ఇప్పుడు ఆమె చదువుతున్న ఈ నవల రాసింది అదే. చివరి అధ్యాయం నా ఎదురుగానే చదవాలక్కా అని పనిగట్టుకుని వచ్చింది, సన్మానానికి బయల్దేరినట్టు మెడచుట్టూ నీలం స్కార్ఫు ఒకటి. ఇప్పుడు చెవులాయనకు ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతూ, నవ్వుతూ, జుట్టు వెనక్కి తోసుకుంటూ. మధ్యలో అద్దం ఉంది కనక పెదాలు కదలడం తప్ప ఒక్క ముక్క వినపడదు, అవతల మీట నొక్కితేనే వాళ్ళ మాట ఈ గదిలోకి వస్తుంది. వినపడకపోతేనేం, ఏం చెబుతోందో తెలుసు. అమ్మ గురించి చెబుతోంది. అమ్మ గురించి చెప్పేటప్పుడు దాని తల ఎడమవైపుకు ఒరుగుతుంది, కళ్ళు చెమరుస్తాయి, చెయ్యి గొంతు దగ్గరికి వెళుతుంది. పుస్తకం ఆవిష్కరణ సభలోనూ అంతే, ఆ తర్వాత ఎవరో పిలిచి మాట్లాడించినప్పుడూ అంతే, తల ఒరిగే కోణం కూడా మారలేదు. చూడలేక ఆమె తల దించుకుంది. దించుకుంటే ఏముంది, ఎదురుగా బల్లమీద ఆ నవలే ఉంది.

ఊరికే కూర్చుంటే ఒళ్ళు మండిపోయేలా ఉందని సంచిలోంచి తన చిట్టా తీసింది. ఏడాది చివరికొచ్చింది, ఈ నవలతో ఈ ఏటి చదువుడు అయిపోయినట్టే. చదువుడంటే అందరిలా మంచమెక్కి పేజీలు తిప్పుకోవడం కాదు; గాలాడని ఈ గదిలో చప్పుడు చేయని నూలు బట్టలతో, గొలుసూ వాచీ తీసి పక్కనపెట్టి, నోరెండకుండా ఆపిల్ ముక్క కొరుక్కుంటూ, వినేవాళ్ళ కోసం పైకి చదవడం. కామా వదలకూడదు. నచ్చని పేజీని దాటేసే భాగ్యం లేదు, కళ్ళతో చదివేవాళ్ళకు ఆ సుఖం విలువ తెలియదు. మనుషులు రాసిన ప్రతి చెత్తా ఈమె నాలుక మీదుగా పోవాల్సిందే, అదీ అభినయంతో, అంత చెత్త నోట్లోంచి పోతుంటే ఎక్కడో ఒకచోట ఉమ్మెయ్యాలి కదా, అందుకే చిట్టా. నవల పేరు, ఎవరెవరి గొంతులు పట్టాల్సి వచ్చింది, ఎవరు చచ్చారు, చివర్లో తన మాట ఒకటి. ఆ చివరి గడిలో పైనుంచి కిందికి ఒకటే వరస. రోత. రోత. ఫరవాలేదు, కానీ రోత. పరమ రోత. ఏడాది మొదట్లో డిటెక్టివు నవల, వారాల తరబడి మూసిన గదిలో శవం ఉందట, తలుపు తీసిన డిటెక్టివు మొదట చూసింది ఆగిపోయిన గోడ గడియారాన్నట. ముందు ముక్కు మూసుకోడా వెధవ? ఆ తర్వాత యుద్ధం నవల, అట్టమీద బహుమతి ముద్ర పళ్ళెమంత, అంతమంది నేలకూలారు, ఒక్కడి గాయమూ చీము పట్టలేదు. ఆ తర్వాత ప్రేమ నవల, అందులో నాయిక ఊపిరితిత్తులు పాడై చచ్చిపోతూ కూడా ప్రియుడికి పేజీల కొద్దీ సందేశం చెప్పింది, మధ్యలో దగ్గన్నా రాలేదు. చదివిన ఈమె ఆగి నీళ్ళు తాగాల్సి వచ్చింది గానీ చచ్చే మనిషికి దాహం వెయ్యలేదు. ఒక్కటి, ఒకే ఒక్కటి మాత్రం, ఎవరూ పేరు వినని కొత్తవాడెవడో రాసింది, కొడుకు తండ్రి కాలిగోళ్ళు కత్తిరిస్తాడు, పచ్చగా ముదిరిన గోళ్ళు, కత్తెర జారి చర్మం తెగుతుంది, ముసలాయన బూతు తిడతాడు. అంతే ఆ అధ్యాయం. ఆ రోజు చదువుతూ చదువుతూ ఆమె కాలివేళ్ళు ముడుచుకున్నాయి. దాని గడిలో ఏమీ రాయలేదు, చిన్న గీత గీసి వదిలేసింది. ఆ పుస్తకాన్ని ఎవరూ వినలేదట, స్టూడియోవాళ్ళే చెప్పారు.

గుర్రుమనడం ఆగింది. చెవులాయన వేలెత్తాడు, ఆమె పుస్తకం సరిచేసుకుని గొంతు సవరించుకుంది, మళ్ళీ గుర్రు. చెల్లెలు అద్దంలోంచి చూసి కళ్ళు పైకి తిప్పి నవ్వింది, చూశావా మన ఖర్మ అన్నట్టు. మన ఖర్మట. ఎప్పుడూ ఇంతే, పనైనప్పుడు నీ, పేరైనప్పుడు నా, ఇలా ఖాళీగా కూర్చుని విసుక్కోవాల్సినప్పుడు మాత్రం మన.

వాసన అన్న గడి ఏడాది నడిమధ్యలో కొత్తగా గీసింది. మంచం పట్టిన మనిషి లేని నవల దొరకడం లేదు, దొరికిన ప్రతి మంచం దగ్గరా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంటారు, తెల్లటి దిండు, పల్చబడ్డ వేళ్ళు, కిటికీలోంచి ఎండ, అన్నీ ఉంటాయి, వాసన ఉండదు. ఉందో లేదో రాసుకుందామని గీసింది గానీ లేదు, లేదు, లేదు అని రాయడానికే సరిపోయింది. అమ్మ గది అలా ఉండేదా? దుప్పటి కింద ప్లాస్టిక్ గుడ్డ, ఎంత కడిగినా దాని మడతల్లో మిగిలిపోయే ఉచ్చకంపు, నడుం కింద పుండు, పుండు మీద మందు, మందు కింద చీము, ఆ చీము వాసన తియ్యగా ఉంటుందని, పండిన పండు కుళ్ళబోయే ముందు వచ్చేలాంటి తియ్యటి వాసనని, ఒక్క నవలాకారుడికీ తెలియదు. జుట్టులో ఎండిపోయిన వాంతి. ఫినాయిలు. ఆమె మొదట్లో బయటికి పరిగెత్తి వాష్‌బేసిన్‌లో కక్కుకుని, మొహం కడుక్కుని, మళ్ళీ లోపలికి వెళ్ళేది. నోటితో గాలి పీల్చడం, చప్పుడు కాకుండా, ఛాతీ కదలకుండా, అప్పుడే నేర్చుకుంది. ఇప్పుడు మైకు ముందు ఆ విద్యే అన్నం పెడుతోంది. పొద్దున్నే అమ్మను కడిగి స్టూడియోకొచ్చి పేజీ తిప్పుతుంటే వేళ్ళకు ఇంకా ఆ కంపు ఉండేది. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా పోయేది కాదు, గోళ్ళలో దాక్కునేది. అయినా ఆ వేళ్ళతోనే ప్రేమ నవలలు చదివింది.

ఆదివారం చెల్లెలు వచ్చేది. గులాబీలతో వచ్చేది. గది గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగి గట్టిగా ఊపిరి తీసుకుని, నీళ్ళలో దూకబోయే మనిషిలా, అప్పుడు లోపలికొచ్చి అమ్మ తలదగ్గర కూర్చుని చెయ్యి తీసుకునేది. అమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన మనిషి, ఊళ్ళకూ ఊళ్ళకూ మాట కలిపిన గొంతు, మంచంలో పడ్డా ఖంగుమనేది, నోటి దురుసు కూడా ఇసుమంత తగ్గలేదు. "వచ్చావా మహారాణీ, పువ్వులెవరికే, నేనింకా పోలేదుగా" అనేది. అది నవ్వేది, ఏడ్చేది, అమ్మా నీకేం కావాలో చెప్పమ్మా అనేది. నిజంగా ఏదైనా కావాల్సి వచ్చేసరికి, పక్క తడిసో, పొట్ట కదిలో, "అక్కా! అమ్మకేదో కావాలట!" అని కేకేసి బాల్కనీలోకి పోయేది. ఈమె చేతులు కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ తలదగ్గర ఉండేది, చెయ్యి పట్టుకుని, తల ఎడమవైపుకు ఒరిగించి. అది వెళ్ళాక గులాబీలు మిగిలేవి. ఉచ్చకంపులో గులాబీ కలిస్తే వచ్చే ఆ కంపుంది చూశారూ, దానికన్నా ఒట్టి ఉచ్చే నయం. సోమవారం పొద్దున లేవగానే చేసే మొదటి పని వాటిని చెత్తబుట్టలో కుక్కడం.

ఇప్పుడు చిట్టాలో ఈ నవల దగ్గరికొచ్చి పెన్ను ఆగిపోయింది. వాసన గడిలో మొట్టమొదటిసారి ఉంది అని రాయాలి. ఉంది మరి. అమ్మ గది నిండా గులాబీల వాసన అని మొదటి అధ్యాయంలోనే ఉంది, తర్వాత ప్రతి రెండు మూడు అధ్యాయాలకూ ఒకసారి గుప్పున వస్తూనే ఉంది. ఛీ. గొంతుల గడిలో: కూతురు, అమ్మ, డాక్టరు, ఆయా. కూతురు ఒక్కతే. రాత్రింబవళ్ళు అమ్మను కంటికి రెప్పలా చూసుకున్న ఆ ఒక్కగానొక్క కూతురికి సాయంగా పేరూ ఊరూ లేని ఆయా ఒకతె, లావుపాటి చేతులు, ఎప్పుడూ ఫినాయిలు కంపు, పక్క మారుస్తూ గొణుక్కునే అలవాటు. మొదటిసారి అచ్చులో చదివినప్పుడు ఆమెకు కోపం రాలేదు, తన చేతుల్ని చూసుకుంది. నిజమే, లావే. తర్వాత వచ్చింది కోపం, అన్నం తింటున్న కంచం పక్కకు నెట్టి చెల్లెలికి ఫోన్ చేసింది. "అయ్యో అక్కా, అది నువ్వెందుకవుతావే? నవలకి ఒక కూతురు చాలన్నారు ఎడిటరు. ఇద్దరుంటే చదివేవాళ్ళ మనసు ఎవరి మీదా నిలబడదట." ఒక కూతురు చాలట! చెల్లెలు పుట్టినప్పుడే అమ్మకు ఈ ఎడిటరు దొరికి ఉంటే పోయేది. మళ్ళీ అదే నోటితో, ఈ నవల నువ్వే చదవాలక్కా, నీది అచ్చం అమ్మ గొంతు, ఇంకెవరు చదివినా నేను ఒప్పుకోను అంది. అక్కడితో ఆగిందా? మొదటి రోజు రికార్డింగుకు ముందు ఫోన్‌లో మరో ముక్క: ఆయా గొంతు కాస్త మొరటుగా పట్టక్కా, తేడా తెలియాలిగా. పట్టింది. వారం పొడుగునా ఆయాలా గొణిగింది, కూతురిలా కరిగింది, అమ్మలా మూలిగింది, ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగినా గొంతులో జిడ్డు వదల్లేదు.

ఎందుకు ఒప్పుకుంది? ఈ ఒక్క పేజీ కోసం. ఆఖరి పేజీ కోసం. అక్కడ అమ్మ పోతుంది, పోయే ముందు కళ్ళు తెరిచి "కిటికీ తెరువమ్మా, వెలుతురు రానీ" అంటుంది, కూతురు కిటికీ తెరుస్తుంది, ఎండ పడుతుంది, గులాబీ రేకు ఒకటి రాలుతుంది. ఆ గదికి కిటికీయే లేదు. ఉన్నదల్లా బాల్కనీ తలుపు, అది కూడా బిగుసుకుపోయి భుజంతో తోస్తే గానీ వచ్చేది కాదు. ఈ మాట ఈమె అమ్మ గొంతుతో చదివేస్తే ఇక అంతే, బస్సుల్లో, వంటిళ్ళలో, చెవుల్లో తీగలు పెట్టుకుని వినే అందరికీ అమ్మ ఆఖరి మాట అదే అయిపోతుంది, అమ్మ గొంతులోనే. అచ్చులో ఉంటే అచ్చు, పోనీ అనుకోవచ్చు. గొంతు అలా కాదు. అమ్మది ఇక మిగిలింది ఆ గొంతొక్కటే, అది కూడా ఈమె గొంతులో అద్దెకుంటోంది. చదవనని లేచిపోతే? పోతే ఇంకొకరు చదువుతారు, చెల్లెలు సభల్లో తల ఒరిగించి అక్కకు దుఃఖం ఆగక చదవలేకపోయింది అని చెప్పుకుంటుంది, అదీ దాని ఖాతాలోకే. అందుకే మరో ఉపాయం వారం నుంచీ మనసును తొలుస్తోంది. చదివేవాళ్ళకు అప్పుడప్పుడూ నోరు జారుతుంది. ఎన్నో పుస్తకాలు నాలుక మీద తిరిగి తిరిగి, ఒక నవల చదువుతుండగా పోయిన నెల చదివిన నవల్లోని వాక్యం ఊడిపడుతుంది, ఈ వృత్తిలో అందరికీ ఉండే జబ్బే, చెవులాయన నవ్వి చెరిపేసి మళ్ళీ చెప్పిస్తాడు. అలా జారినట్టే జారి, ఒక్కసారి, అమ్మ గొంతుతో అమ్మ మాట. అది విననీ. విన్నాక ఏమంటుందో చూద్దాం.

అమ్మ అన్నది ఇదీ. తెల్లవారింది, పక్క తడిసింది, పుండు చితికింది, దుప్పటి ఒక చివర లాగుతూ ఈమె నోటితో గాలి పీలుస్తోంది, ఎంత దాచినా మొహం దాచుకోలేకపోయింది కాబోలు. అమ్మ చూసింది. చాలాసేపు చూసింది. "నీకు రోతగా లేదూ?" అంది. నవలల్లో కూతుళ్ళైతే ఏమనేవాళ్ళో ఆమెకు బాగా తెలుసు, ఆ గొంతులన్నీ పట్టింది. అలసటో, నిద్రలేమో, ఉన్నమాటే వచ్చేసింది. "రోతే. పక్కకి తిరుగు" అంది. అమ్మ నవ్వింది. పళ్ళు లేని చిగుళ్ళన్నీ కనిపించేలా, మంచం ఊగేలా నవ్వి, నవ్వుతూనే పక్కకి తిరిగింది. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు. మధ్యాహ్నానికి పోయింది.

గుర్రు ఆగిపోయింది. ఈసారి నిజంగానే ఆగినట్టుంది, గోడ అవతల ఎవరో సామాను సర్దుకుంటున్న చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. చెవులాయన వేలెత్తాడు. ఎర్రదీపం వెలిగింది. ఆమె చదివింది. డాక్టరు వచ్చాడు, తల అడ్డంగా ఊపాడు, వెళ్ళాడు. ఆయా గొణిగింది, గది బయటికి పోయింది, ఆఖరి పేజీలో దానికి చోటు లేదు. కూతురు చెయ్యి పట్టుకుంది. గులాబీలు గుప్పుమన్నాయి. అమ్మ కళ్ళు తెరిచింది. ఆమె ఒక్క క్షణం ఆగి, చప్పుడు కాకుండా గాలి పీల్చి, పుస్తకంలోంచి కళ్ళు తీసి, అద్దం అవతల చెల్లెలి మొహంలోకి చూస్తూ అంది. "నీకు రోతగా లేదూ?"

గది నిండా అమ్మ గొంతు. చెవులాయన వేలు పేజీ మీద వెంట వెంట నడుస్తున్నది కాస్తా ఆగింది, చెయ్యి మీట వైపు పోయి అక్కడే గాల్లో ఉండిపోయింది. చెల్లెలి మొహంలో రంగు పోయింది. తల నిటారుగా ఉంది, ఒరగలేదు. తనే వంగి మీట నొక్కింది.

"అక్కా." మాట ఈ గదిలోకి వచ్చింది. "అది పుస్తకంలో లేదు."

"లేదు."

"అమ్మ అందా? నిజంగా అందా?"

ఆమె అద్దం వైపు వంగింది. ఆశ పుట్టింది. ఇన్నేళ్ళ తర్వాత సిగ్గులేని ఆశ, కడుపులోంచి ఎగదన్నింది. ఇప్పుడు అది ఏడుస్తుంది, నాకు తెలియదక్కా, నేను బాల్కనీలో ఉన్నానక్కా అంటుంది, ఆ ఒక్క మాటా అంటే చాలు, ఆయానూ గులాబీలనూ అన్నిటినీ మింగేసి ఊరుకోవచ్చు.

"అబ్బ! ఏం మాటక్కా! ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే? ఎంత పచ్చిగా ఉందో చూడండి సార్, ఒళ్ళు జలదరించింది నాకు. రెండో ముద్రణ ఇంకా ప్రెస్సుకెళ్ళలేదు, అక్కడ కిటికీ తీసేసి ఇదే పెడతాను. ఉండు, ఉండు, రాసుకోనీ." సంచిలో వెతికి పెన్ను తీసింది. "తర్వాత ఏమైంది? దానికి నువ్వేమన్నావ్? అంటే, కూతురు ఏమంటుంది?"

కూతురు ఏమంటుంది. ఆమెకు నోట్లో ఇందాకటి ఆపిల్ రుచి పుల్లగా తిరిగింది. అమ్మ పుండుకైతే కనీసం మందు రాయగలిగింది, ఈ రోతకు రాయడానికి మందు కూడా లేదు. ఇది అడుగుతోంది, ఆ నవ్వు కూడా ఇమ్మంటోంది. ఇస్తే చిగుళ్ళు తీసేసి ముత్యాల్లాంటి పళ్ళు పెడుతుంది, నవ్వుతూ పక్కకి తిరిగితే అక్కడొక గులాబీ ఉంచుతుంది, పక్కకి తిరుగు అన్నది తనే అయి కూర్చుంటుంది. చచ్చినా ఇవ్వదు.

"ఏమీ లేదే. నోరు జారింది. పోయిన నెల చదివిన ఏదో నవల్లోది, నాలుక మీదికొచ్చేసింది."

"వేరేవాళ్ళదా?" పెన్ను ఆగింది. "ఏ నవలక్కా?"

"ఏమో, గుర్తులేదు. చిట్టా చూసి చెబుతాలే."

చెల్లెలి మొహం వాడిపోయింది, అంగట్లో నచ్చిన వస్తువు అప్పటికే వేరొకరు కొనేశారని విన్నట్టు. మీట మీంచి వేలు తీసేసింది, పెదాలు కదిలాయి, అయ్యో అన్నట్టున్నాయి. చెవులాయన మాత్రం అద్దంలోంచి ఈమెనే చూస్తున్నాడు. ఈ ఏడాది నవలలన్నీ అక్షరం అక్షరం ఆ చెవుల్లోంచే వెళ్ళాయి, అలాంటి మాట ఒక్కదాంట్లోనూ లేదని ఆయనకు తెలుసు. తెలిసీ వంగి మీట నొక్కాడు. "చెరిపేశానండీ. కళ్ళు తెరిచింది దగ్గర్నుంచి అందుకోండి."

అందుకుంది. అమ్మ కళ్ళు తెరిచింది. "కిటికీ తెరువమ్మా, వెలుతురు రానీ." ఎంత బాగా చదివిందంటే గొంతు సరిగ్గా కావాల్సినచోట సన్నగా చీలింది, రానీ దగ్గర ఊపిరి అయిపోయింది. అవతల చెల్లెలు స్కార్ఫు కొసతో కళ్ళు ఒత్తుకుంటోంది, తల ఎడమవైపుకు ఒరిగింది. రేకు రాలింది. నవల అయిపోయింది.

"గది నిశ్శబ్దం తీసుకుంటున్నాను. ఎవరూ కదలొద్దు" అన్నాడు చెవులాయన. ప్రతి నవల చివరా ఇదొకటి, మాటల మధ్య చీలికలు పూడ్చడానికి ఉత్త గది చప్పుడు కాసేపు పట్టుకుంటారు. పెన్ను గీసినా మైకుకెక్కుతుంది, అందుకని చిట్టాలో ఈ నవల ఎదుట ఆఖరి గడి ఖాళీగానే ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నీకు రోతగా లేదూ? రోతే. పక్కకి తిరుగు. మంచం ఊగింది, చిగుళ్ళు కనిపించాయి. ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది, అమ్మ నవ్వే, అచ్చం అదే ఖంగుమనే నవ్వు. ఎర్రదీపం వెలుగుతోంది కాబట్టి పళ్ళు బిగబట్టి, నోటితో గాలి పీలుస్తూ, అది బయటికి రాకుండా ఆపుకుంది.